అర చుట్టు వెనక్కి

షిజుఒకా పక్కన తేయాకు కొండల కింద ఒక ఊరు. ఇంజను పెట్టిన చిన్న రిమోటు బళ్ళు అమ్మే కొట్టు. మధ్యాహ్నం. కొట్టు తొకుజిది. వచ్చినవాడు అతని అక్క మొగుడు, నెజు మొరిహికో.

"...ఆ మాటన్నది ఎవరనుకున్నావు బావా? మీ పక్కింటి ఒకిత్సు ఆవిడే. చేపల కొట్టు దగ్గర మా ఆవిడ కనపడితే పట్టుకుని చెప్పిందట. 'నెజు గారికి మతి చలించినట్టుందమ్మా, పొద్దునొకసారి సాయంత్రమొకసారి కంచె కత్తిరించే మిషను లాంటిదేదో కొడుకు కిటికీ కింద పెట్టి అరిపిస్తున్నాడు, మా కుక్క అన్నం మానేసింది' అని."

"దాని కుక్క అన్నం మానేసి చాన్నాళ్ళయింది. దానికి పళ్ళేవీ?"

"కుక్క పళ్ళ సంగతి కాదు. పోలీసులకి చెబుతానంటోందట."

"చెప్పుకోమను. వాళ్ళొస్తే వాళ్ళకీ చూపిస్తాను బండి."

"మా ఆవిడ సర్దిచెప్పిందట, 'మిషను కాదండీ, బొమ్మ ట్రక్కు' అని. 'ఎంతుంటుందేమిటి?' అందట. 'బూట్ల పెట్టెకి రెండింతలుంటుంది' అందట ఈవిడ. 'అంతదానికి అంత చప్పుడా, ఇంకా నయం, నిజం లారీ కొనలేదు' అని వెళ్ళిపోయిందట."

"లోపలున్నది నిజం ఇంజను గదా. బ్యాటరీ బొమ్మ కాదుగా."

"నాకు చెబుతావేం. అమ్మింది నేను."

"అమ్మింది నువ్వే. పాఠం మాత్రం సగమే చెప్పావు."

"సగమా? మొత్తం చెప్పాను. నువ్వు గడియారం చూసుకుంటూ కూర్చున్నావు. 'ఇంజను సంగతి నాకు చెబుతావేంట్రా, తేయాకు ఆరబెట్టే మిషన్లతో జుట్టు నెరిసింది నాకు' అన్నావు."

"అన్నానా?"

"అన్నావు."

"సరే, అన్నాను. ఇప్పుడు మళ్ళీ చెప్పు. కొత్తగా బండి కొన్నవాడు ఏమేం చూసుకోవాలి. వరసగా చెప్పు."

"ఇప్పుడెందుకు?"

"ఎందుకని అడక్కు. చెప్పు. ఇంటల్లుడొస్తే టీ కూడా లేదు, ఏం కొట్టురా ఇది."

"ఫ్లాస్కులో ఉంది, పోసుకో. నడపక ముందు సంగతా, నడిపాక సంగతా?"

"రెండూ."

"నడపక ముందంటే... కొత్త ఇంజను బిగుతుగా ఉంటుంది. ఈ చలిలో పొద్దున్నే ఇంజను లేపే తాడు పట్టుకుని లాగెయ్యకూడదు. జుట్టు ఆరబెట్టుకునే మిషనుందిగా అక్కది, దాంతో ఇంజను తల వెచ్చబెట్టాలి. ముట్టుకుంటే వెచ్చగా తగలాలి. అప్పుడు లాగాలి. అది కూడా జానెడే. మూరెడు లాగావా, తాడు తెగి చేతికొస్తుంది."

"వచ్చింది."

"తెలుసు. మొన్న కొత్తది వేసిచ్చిందెవరు?"

"తర్వాత?"

"రిమోటు ముందు ఆన్ చెయ్యాలి, బండి తర్వాత. ఆపేటప్పుడు బండి ముందు, రిమోటు తర్వాత. ఇది తిరగబడిందనుకో, బండి ఎవరి మాటా వినకుండా పోతుంది."

"పోయింది. ఒకిత్సు వాళ్ళ ముల్లంగి మడిలోకి."

"అదా ఆవిడ కోపం."

"రెండు ముల్లంగులు. రెండంటే రెండు. మీ అక్క వెళ్ళి దణ్ణాలు పెట్టి, నారింజ పళ్ళ సంచీ ఇచ్చొచ్చింది. ఇంకా?"

"ఇంకా మచ్చిక. అన్నిటికన్నా ముఖ్యం అదే. మొదటి నాలుగైదు ట్యాంకులూ ఇంజనుని మచ్చిక చేసుకోవడానికే. నీడిల్, అదే ఇంధనం ఎంత పోవాలో తేల్చే మర, వదులుగా ఉంచాలి. ఇంధనం బాగా పోవాలి, పొగ తెల్లగా రావాలి. బండి మందంగా నడుస్తుంది, దగ్గుతుంది, నడిచి నడిచి ఆగిపోతుంది. ఆగితే ఆగనివ్వాలి. చల్లారనిచ్చి మళ్ళీ లేపాలి. లోపల పిస్టనూ దాని గొట్టమూ ఒకదానికొకటి అలవాటు పడాలి బావా. ఆ మాత్రం ఓపిక లేక మొదటిరోజే నీడిల్ బిగించేసి, ఇంధనం తగ్గించేసి, అరిపించావనుకో..."

"అరిపిస్తే?"

"చాలా బాగా అరుస్తుంది. కొత్తవాళ్ళు పడిపోయేది అక్కడే. అది చావబోయే ముందు అరిచినంత బాగా ఎప్పుడూ అరవదు."

"ఊఁ. అది సరే. నడిపాక?"

"నడిపాక... తుడిచి పెట్టుకోవాలి."

"తుడిచి?"

"తుడిచి. దుమ్మూ అదీ."

"అంతేనా?"

"అంతే. దాదాపుగా."

"దాదాపేంట్రా. ట్యాంకు?"

"ట్యాంకా... ఆఁ, ట్యాంకు ఖాళీ చెయ్యాలి. ఆ ఇంధనం గాల్లో తడి పీల్చుకుంటుంది. రాత్రికి లోపలే ఉంచేస్తే తుప్పు మొదలు."

"ఖాళీ చెయ్యాలి."

"చెయ్యాలి. ఎందుకు నవ్వుతున్నావు?"

"నవ్వట్లేదు. ఫిల్టరు?"

"స్పాంజి ముక్కేగా. సబ్బునీళ్ళలో పిండి, ఆరబెట్టి, కాస్త నూనె పట్టించి పెట్టాలి. వారానికోసారి చేసినా చాలు. అంత తొందరేం లేదు."

"ఆ నూనె ఏ రంగు?"

"ఏ నూనె?"

"ఫిల్టరుకి పట్టించే నూనె."

"...ఎవరి దగ్గరున్నది వాళ్ళు వాడతారు. ఎర్రది ఉంటుంది, నీలం ఉంటుంది."

"నీలం."

"నీలమేంటి?"

"ఏం లేదు. నువ్వు చెప్పు. లోపల ఏమైనా పొయ్యాలా? ఇంజను లోపల?"

"అది... అది పోటీలకి వెళ్ళేవాళ్ళు చేస్తారులే బావా. నీకక్కర్లేదు."

"చెప్పమంటుంటే."

"ప్లగ్గు విప్పి, తుప్పు పట్టకుండా ఉంచే నూనె నాలుగు చుక్కలు వేస్తారు. తాడు రెండుసార్లు లాగి లోపలంతా పట్టిస్తారు."

"పిస్టను పైనుంచాలా, కిందుంచాలా?"

"పిస్టను సంగతి నీకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు, కొన్నరోజు. చెవిన పడింది, బుర్రలోకి పోలేదు. పైనా, కిందా?"

"కింద. పైన గొట్టం ఇరుకుగా ఉంటుంది. వేడి మీద పిస్టను పైనే వదిలేస్తే, చల్లారాక గొట్టం దాన్ని కరుచుకుంటుంది. మర్నాడు తాడు లాగితే రాదు."

"నిన్న పొద్దున తాడు వెన్నలా వచ్చింది తొకుజీ."

"...మంచిదేగా."

"రోజూ బండిని కాళ్ళ మధ్య ఇరికించుకుని లాగేవాణ్ణి. నిన్న వేలితో లాగితే వచ్చేసింది. అప్పుడు కూర్చుని చూశాను. ట్యాంకు పొడిగా ఉంది. ఫిల్టరు కడిగి ఉంది, నీలం నూనె. ప్లగ్గు చుట్టూ మసి లేదు. చక్రాల సందులో మట్టి కూడా లేదు. నేను ముందురోజు సాయంత్రం షెడ్డులో పడేసిన బండి కాదది."

"అక్క తుడిచుంటుంది."

"మీ అక్క స్క్రూడ్రైవరుతో ఊరగాయ డబ్బా మూతలు లేపుతుంది. అదా ప్లగ్గు విప్పేది?"

"ఏమో, ఆడవాళ్ళు ఫోన్లో వీడియోలు చూసి అన్నీ నేర్చుకుంటున్నారు."

"అసలు సంగతి విను. నీడిల్."

"నీడిల్‌కేమైంది?"

"అర చుట్టు వెనక్కి తిరిగింది."

"అదే తిరుగుతుంది బావా. ఇంజను వణుకుడుకి మరలన్నీ వదులవుతాయి. అందుకే అన్ని మరలకీ జిగురు పెట్టుకోవాలి, అదీ చెప్పాను కొన్నరోజు..."

"నీడిల్‌కి రబ్బరు పట్టీ ఉంటుంది, దానంతట అది తిరగదని కూడా చెప్పావు. అది బుర్రలోకి పోయింది. నేను ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసుకున్నాను. నువ్వు అమ్మినప్పుడున్న చోట ఒకటి, నేను బిగించిన చోట ఒకటి. నిన్న చూస్తే సరిగ్గా నీ గీత మీదకొచ్చి కూర్చుంది."

"నువ్వసలు ఎందుకు బిగించావు? దాన్ని తాకొద్దని చెప్పానా లేదా? ఇంకో రెండు ట్యాంకులైతే ఇంజను పోయేది. కొత్తవాళ్ళందరూ ఇంతే, తెలియక..."

"తెలియక కాదు. తెలిసే బిగించాను."

"ఏంటీ?"

"ఇంజను ఏడవాలనే బిగించాను."

"తెలిసే బిగించావా?"

"మరి? ఉట్టి చప్పుడుకైతే గడ్డి కోసే మిషను లేదా ఇంట్లో? నీకు గుర్తులేదా, నది ఒడ్డున నీ ట్రాక్ ఉన్న రోజుల్లో. మా షింగోకి పదమూడో పద్నాలుగో. ఆ పళ్ళ డాక్టరు పెద్ద బండి తెచ్చుకుని అరిపిస్తున్నాడు. అందరూ చప్పట్లు. వీడు అన్నం ముద్ద తింటున్నవాడు తింటున్నట్టే లేచిపోయి, ఆయన బండి ఆపించి, నీడిల్ వెనక్కి తిప్పాడు. 'డాక్టరు గారూ, ఇది ఏడుస్తోంది, మీకు వినపడట్లేదా?' అన్నాడు. అంత పెద్దమనిషిని పట్టుకుని."

"గుర్తుంది."

"వాడికి ఆ ఏడుపు పడదు. చిన్నప్పట్నుంచీ పడదు. హైస్కూలు మధ్యలో మేడ మీద తలుపేసుకున్నాడు. ఇప్పుడు ముప్పయ్యోపడిలో పడుతున్నాడు. మేం తలుపు కొడితే రాలేదు. వాళ్ళమ్మ తలుపు దగ్గర కూర్చుని ఏడిస్తే రాలేదు. భూకంపమొచ్చి ఇల్లంతా ఊగితే రాలేదు. మనుషులు ఏడిస్తే రానివాడు ఇంజను ఏడిస్తే వస్తాడేమోననుకున్నాను."

"బావా..."

"వచ్చాడు తొకుజీ."

"బావా, ఒక్క మాట."

"మెట్లు దిగాడు. వంటగది దాటి, చలిలో షెడ్డు దాకా వచ్చాడు. వాడి చెప్పులన్నీ చిన్నప్పటివి, ఏవీ పట్టవు. నా చెప్పులేసుకునుంటాడు."

"నువ్వు చూశావా?"

"చూడకపోతే? చేసిన పని కనపడట్లేదా? నేను వెంటనే నమ్మాననుకున్నావా. నిన్నంతా నోరు మూసుకుని ఆగాను. అందుకే ఇవాళ నీ దగ్గరికొచ్చి వరసగా చెప్పమంది. నువ్వు చెప్పినవాటిలో ఒక్కటి తప్పలేదు. ఏ కొత్తవాడూ చెయ్యడా పని. చెయ్యి తిరిగినవాడు చేసిన పని. మా ఇంట్లో ఆ పని తెలిసినవాడు ఇంకెవడున్నాడు?"

"మీ ఇంట్లోనా... మీ ఇంట్లో ఎవరూ లేరు."

"అదే నేననేది."

"అది కాదు బావా. వాడైతే, అంటే వాడే దిగుంటే, ఏదో ఒక మాట... ఒక చీటీ అయినా..."

"మాటెందుకు? నీకు ఫ్యాక్టరీలో పని చేసినవాళ్ళ పద్ధతి తెలీదు. నేను ఆరబెట్టే గదిలో పెద్ద మేస్త్రీగా ఉన్నన్నాళ్ళూ, నేను వేడి ఎక్కువ పెడితే 'మేస్త్రీ గారూ తప్పు' అని ఒక్కడైనా అన్నాడా? అనడు. నేనింటికెళ్ళాక వాళ్ళే సరిచేసి పెట్టేవాళ్ళు. పొద్దున వచ్చి చూస్తే అంతా సరిగ్గా ఉండేది. నేనూ ఏమీ ఎరగనట్టే ఉండేవాణ్ణి. అది మర్యాద. ఎదుటివాడి ముఖం చిన్నబుచ్చకుండా పని సరిచెయ్యడం. పదేళ్ళ పైన గదిలో ఉన్నా వాడు ఆ మర్యాద మర్చిపోలేదు చూడు. 'నాన్నా, నువ్వు తప్పు చేస్తున్నావు' అనలేదు. దిగి, సరిచేసి, వెళ్ళిపోయాడు."

"ఆ మర్యాద... అది చాలామందికుంటుంది బావా."

"ఎవరికి?"

"ఎవరికంటే... ఊళ్ళోవాళ్ళకి."

"ఒకిత్సు ఆవిడకుందా?"

"ఆవిడ సంగతి వదిలెయ్యి. నువ్వు వాడితో ఏమీ అనలేదుగా?"

"అనకుండా ఉంటానా. అంటే, ఎక్కువ అనలేదు. ఇవాళ పొద్దున తలుపు దగ్గర నిలబడి, 'నీడిల్ బాగుందిరా, నాకు చేతకాలేదు' అన్నాను. అంతే. వచ్చేశాను."

"వాడేమన్నాడు?"

"ఏమంటాడు. మంచం కిర్రుమంది. వాళ్ళమ్మ టిఫిన్ పళ్ళెం పెడుతుందిగా తలుపు దగ్గర, ఆ పళ్ళెం పక్కన రిమోటు పెట్టొచ్చాను. తర్వాత పళ్ళెం ఖాళీగా బయటికొచ్చింది."

"రిమోటు?"

"రిమోటు అక్కడే ఉంది. కానీ తిరిగుంది."

"తిరిగిందా?"

"నేను పెట్టినప్పుడు యాంటెన్నా మెట్ల వైపుంది. తర్వాత చూస్తే గోడ వైపుంది."

"అక్క పళ్ళెం తీస్తున్నప్పుడు తగిలుంటుంది బావా."

"నీకెందుకురా అంత కష్టం? నీ మేనల్లుడు బయటికొస్తున్నాడంటే ఒక నవ్వు లేదు, ఏమీ లేదు. ముఖం చూడు, నేనేదో అప్పు అడగడానికొచ్చినట్టు పెట్టావు."

"నాకు సంతోషమే."

"సంతోషం ఇలాగుంటుందా?"

"కొట్టు ఎత్తేస్తున్నాను గదా, ఆ దిగులు. పిల్లలందరూ బ్యాటరీ బళ్ళే కొంటున్నారు. ఇంజను బండి ఈ ఏడాది అమ్మింది నీకొక్కడికే. ఆ ముఖమే ఇది. వదిలెయ్యి. గురువారం ఆవిడొస్తుందిగా, తలుపేసుకున్న పిల్లల కోసం టౌను ఆఫీసు పంపే ఆ హమనిషి గారు. ఇవన్నీ ఆవిడతో చెప్పు. రిమోటు తిరిగిన సంగతీ చెప్పు. ఆవిడకి ఇలాంటి ఇళ్ళు బాగా తెలుసు. ఆవిడ ఏమంటే అది చేద్దాం."

"ఆవిడ రాదు."

"గురువారం కదూ? అక్క చెప్పింది. క్యాలెండరులో చుట్టూ గీత కూడా గీసుకుంది."

"వద్దని చెప్పేశాను."

"ఎవరితో?"

"ఆవిడతోనే. పొద్దున ఫోన్ చేశాను. 'మీరు పడ్డ శ్రమకి దణ్ణం, మావాడు తనంతట తనే కిందికి దిగుతున్నాడు, ఆ చోటు ఇంకెవరికైనా ఇవ్వండి' అన్నాను. చాలా సంతోషించింది."

"బావా, ఏం చేశావు?"

"ఏం చేశాను? అవసరం తీరినవాళ్ళం ఇంకొకరికి దారివ్వాలా లేదా?"

"ఆవిడ కోసం అక్క రెండు చలికాలాలు ఎదురుచూసింది. టౌను ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగింది. తలుపు బయట కూర్చుని నెలల తరబడి ఊరికే కబుర్లు చెప్పే మనిషి, ఈ జిల్లాలో ఆవిడొక్కతే. నువ్వు... ఫోన్ తియ్యి. ఇప్పుడే తియ్యి. పొరపాటైందని చెప్పు."

"ఏం పొరపాటు?"

"ఏదో ఒకటి. మతి చలించిందని చెప్పు. ఒకిత్సు ఆవిడ సాక్ష్యం చెబుతుంది."

"ఆ చోటు ఇచ్చేశారు. ఫుజిఎదా వైపు ఎవరో అమ్మాయికట. నేనింకా ఫోన్లో ఉండగానే ఆవిడ పక్కనున్నవాళ్ళకి చెప్పేసింది. ఆ పిల్ల తండ్రి ఇవాళ ఎంత సంతోషపడుంటాడో అనుకున్నాను."

"మళ్ళీ కావాలంటే?"

"మళ్ళీ వరస చివరికే. వచ్చే ఏడాది పోయాకే అంది. మనకెందుకు?"

"కావాలి బావా. మనకి కావాలి."

"ఎందుకు కావాలి? నువ్వే ఇందాక చెప్పావు గదా మచ్చిక సంగతి. మొదట్లో మందంగా నడుస్తుంది, దగ్గుతుంది, ఆగితే ఆగనివ్వాలి అని. వాడిప్పుడు మొదటి ట్యాంకులో ఉన్నాడు. ఇప్పుడు కొత్త మనిషెవరో వచ్చి తలుపు దగ్గర కూర్చుంటే మళ్ళీ బిగుసుకుపోడూ? ఇన్నాళ్ళూ నాకు ఓపిక లేదని మీ అక్కాతమ్ముళ్ళు అనుకునేవాళ్ళు. ఇప్పుడు ఓపిక పడదామంటే నువ్వు తొందరపెడుతున్నావు."

"నేను చెప్పింది ఇంజను గురించి."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు బావా. ఇంజనైతే విప్పి చూడొచ్చు."

"నువ్వేదో నమ్మట్లేదు."

"నమ్మకం కాదు. ఆ నీడిల్ సంగతి... నిన్న తెల్లవారుజామున..."

"తెల్లవారుజామున అని నేను చెప్పలేదే."

"...పొద్దున నువ్వు చూసేసరికే అలా ఉందంటే, అంతకుముందే కదా."

"ఆఁ, అంతేలే. నాకు నిద్రమాత్ర వేసుకోవడం అలవాటు, ఎప్పుడు దిగాడో వినపడలేదు. మీ అక్కకి వినపడిందేమోనని అడిగాను."

"ఏమంది?"

"సూపు కలుపుతూ, 'గిన్నె పొంగుతోంది ఉండండి' అంది. గిన్నె పొంగలేదు. ఏడుపు ఆపుకుంటోందిలే అనుకున్నాను, సంతోషంతో. మళ్ళీ అడగలేదు. అదుగో, మాటల్లోనే వచ్చింది. బయట ఆగింది, అదే గదా మీ అక్క సైకిలు?"

"అక్కదే."

"రావే సుమియే, లోపలికి రా. నీ తమ్ముడికి చెప్పు, నేను చెబితే నమ్మట్లేదు."

"మీరిక్కడున్నారా? ఫోనెందుకెత్తరు?"

"ఇంట్లో మర్చిపోయాను. ఏమైంది? వాడు మళ్ళీ దిగాడా?"

"హమనిషి గారు ఫోన్ చేశారు. నాకు అభినందనలు చెప్పారు. మీ ఓపిక ఫలించిందమ్మా అన్నారు. దేనికండీ అంటే నవ్వారు. ఏమండీ, ఏం చెప్పారు మీరావిడకి?"

"ఉన్నమాట చెప్పాను."

"ఏం చెప్పారు?"

"వాడు దిగాడు, ఇంక మీరు శ్రమపడక్కర్లేదు అన్నాను."

"నన్నడగకుండానా?"

"సాయంత్రం చెబుదామనుకున్నాను. మిఠాయి కొనుక్కొద్దామని బయల్దేరి ఇటొచ్చాను. కూర్చో, రొప్పుతున్నావు. ఒరేయ్, అక్కకి కుర్చీ వెయ్యి."

"కూర్చోను. తొకుజీ, నువ్వెప్పట్నుంచీ ఉన్నావు ఇక్కడ?"

"నా కొట్టక్కా ఇది. నేనెక్కడికి పోతాను?"

"నీకు ముందే తెలుసా ఈయన ఫోన్ చేసిన సంగతి?"

"ఇప్పుడే తెలిసింది. మళ్ళీ చెయ్యమంటున్నాను. ఆ చోటు ఇచ్చేశారట."

"తెలుసు. నేనూ అడిగాను. ఫోన్లోనే కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. పేరు రాసేసుకున్నామమ్మా, ఆ అమ్మాయి వాళ్ళ ఇంటికి కబురెళ్ళిపోయింది అన్నారు. 'అబ్బాయి బయటికొస్తున్నాడుగా, ఇంకెందుకమ్మా కంగారు?' అన్నారు. నేనేం చెప్పను ఆవిడకి?"

"నిజం చెబితే సరిపోయేది. వస్తున్నాడనే చెప్పాల్సింది."

"అక్కా, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు నోరు ముయ్యి."

"ఏంట్రా చెప్పేది? ఏంటే ఇద్దరూ? నిన్నట్నుంచి చూస్తున్నాను, నువ్వు నా కళ్ళల్లోకి చూడట్లేదు. ఇప్పుడు ఏడుస్తున్నావు. ఎందుకే? ఇన్నేళ్ళకి కొడుకు మెట్లు దిగాడు. నా బండి సరిచేసి వెళ్ళాడు. ఇంక ఆవిడతో మనకేం పని?"

"వాడు దిగలేదండీ. ఆ నీడిల్ తిప్పింది వీడు. టార్చి పట్టుకున్నది నేను."